ఆది జాకెట్టు లేకుండా కుట్టించుకుంటామా?

పండక్కి జాకెట్టు కుట్టించుకోవాలంటే మనం ఏం చేస్తాం? గుడ్డతోపాటు ఆది జాకెట్టు ఒకటి సంచిలో పెట్టుకుని టైలరు దగ్గరికి వెళ్తాం. అంతటితో ఊరుకుంటామా! "మెడ దీనికన్నా అరంగుళం పైకి రావాలి, చంక దగ్గర కాస్త వదులు పెట్టు, పోయినసారి చేతులు బిగుతైపోయాయి" అని పది జాగ్రత్తలు చెప్తాం. కుట్టుకొచ్చాక ఇంట్లో వేసుకుని చూసి, నప్పకపోతే మళ్ళీ తీసుకెళ్ళి విప్పించి కుట్టిస్తాం. నాలుగు గంటల పెళ్ళికి వేసుకెళ్ళే జాకెట్టుకే ఇంత హంగామా.

మరి ఒక మనిషి పొద్దున లేచింది మొదలు రాత్రి దాకా కూర్చోవాల్సిన చక్రాల కుర్చీకి కొలత ఎవరు తీస్తున్నారు? నోట మాట రాని పిల్ల తన మనసులోది చెప్పుకోవాల్సిన బోర్డు మీద ఏ మాటలుండాలో ఎవరు నిర్ణయిస్తున్నారు? చేతులు స్వాధీనంలో లేని మనిషి ఫోను వాడాలంటే వేలితో నొక్కితే వీలవుతుందా, మోకాలితోనా, కనురెప్పతోనా అని ఎవరు అడిగి తెలుసుకుంటున్నారు?

మేముండేది తిరుపతిలో, అలిపిరికి దగ్గర్లో. స్విమ్స్, రుయా, బర్డ్ ఆసుపత్రులన్నీ ఈ చుట్టుపక్కలే. ఎముకలకీ, పోలియోకీ, సెరిబ్రల్ పాల్సీకీ వైద్యం చేసే బర్డ్ ఆసుపత్రిని టీటీడీ నడుపుతోంది. ఎక్కడెక్కడి నుంచో పిల్లల్ని తీసుకుని వస్తారు. నేను కూరగాయలకో మందులకో ఆ రోడ్డున వెళ్ళినప్పుడల్లా పదేళ్ళ పిల్లాణ్ణి చంకనేసుకుని ఆటో దిగే తల్లి ఒకరైనా కనబడుతుంది. తండ్రి ఫైలు పట్టుకుని ముందు నడుస్తుంటాడు. బరువు మాత్రం తల్లి మీదే.

అందుకే ఈ విషయం ఇంజినీర్లకీ డాక్టర్లకీ వదిలేసేది కాదు, మనం మాట్లాడుకోవాల్సిందే అనిపిస్తుంది నాకు. నా మాట సూటిగా చెప్పేస్తాను. ఒంట్లో లోపం ఉన్న మనిషికి ఇచ్చే ఏ పరికరమైనా ఆ మనిషి కొలతకే తయారవ్వాలి. ఆ కొలత తీసేటప్పుడు ఆ మనిషినీ, ఆమెనో అతన్నో రోజూ ఎత్తి దించే ఇంటి ఆడమనిషినీ పక్కన కూర్చోబెట్టుకోవాలి. మనవాళ్ళు పేర్లు మార్చడంలో ముందుంటారు. వికలాంగులన్నారు, విభిన్న ప్రతిభావంతులన్నారు, దివ్యాంగులన్నారు. పేరు మూడుసార్లు మారింది గానీ శిబిరంలో ఇచ్చే కుర్చీ కొలత మాత్రం అందరికీ ఒకటే.

చదువుకున్నవాళ్ళు దీన్ని ఇంటర్‌ఫేస్ అంటారు. పేరు పెద్దది గానీ మనకి తెలియనిది కాదు. పొయ్యి మీద గిన్నె కాలుతుంటుంది, మన చేయి దాన్ని పట్టుకోలేదు. మధ్యలో పట్టకారు కావాలి. గిన్నె మారదు, చెయ్యీ మారదు, రెంటికీ కుదిరే పట్టు ఒకటి దొరికితే పని జరిగిపోతుంది. స్టవ్ మీద తిప్పే నాబ్, మిక్సీ స్విచ్చు, కుళాయి తల, ఫోను తెర ఇవన్నీ పట్టకారు చుట్టాలే. అవన్నీ ఐదు వేళ్ళూ సవ్యంగా ఆడే మనిషిని మనసులో పెట్టుకుని చేసినవి. వేళ్ళు ఆడని మనిషికి పట్టు ఇంకోలా ఉండాలి, అంతే.

"మా ఇంట్లో అలాంటివాళ్ళు లేరు" అనుకుంటున్నారా? 2011 జనాభా లెక్కల ప్రకారమే దేశంలో 2.68 కోట్ల మంది ఉన్నారు, అందులో ఆడవాళ్ళు 1.18 కోట్లు. అది లెక్కకి వచ్చినవాళ్ళ సంగతి. పక్షవాతం వచ్చిన మామగారు, కీళ్ళవాతంతో చపాతీ పిండి కలపలేని అత్తగారు, బండి మీద నుంచి పడి నడుం పోయిన మేనల్లుడు ఏ ఇంట్లో లేరు? అమెరికాలో శామ్ ఫార్బర్ అనే ఆయన తన భార్య బెట్సీ కీళ్ళవాతంతో కూరగాయల తొక్క తీసే పీలరు పట్టుకోలేకపోవడం చూశాడు. ఆమె చేతికి నప్పేలా లావుపాటి మెత్తని పిడి పెట్టించాడు. ఆ రకం వంటింటి సామాన్లు ఆక్సో పేరుతో 1990లో బజారుకొస్తే, కీళ్ళవాతం లేనివాళ్ళు కూడా ఎగబడి కొన్నారు. ఒక ఇల్లాలి చేతి కొలత లోకానికంతా సరిపోయిందన్నమాట.

ఇప్పుడు నాకు బాగా తెలిసిన ఇంటి సంగతి చెప్తాను. నాకు మరదలి వరసయ్యే ఒకామె ఉంది. కూతురికి పంతొమ్మిదేళ్ళు, పుట్టుకతో సెరిబ్రల్ పాల్సీ. తెలివికి ఏ లోటూ లేదు, అన్నీ అర్థమవుతాయి. మాట రాదు. చేతులు తన మాట వినవు, కుడివైపు చాపబోతే ఎడమవైపు పోతాయి. ఒకచోట ఆ పిల్లకి చేత్తో తిప్పే జాయ్‌స్టిక్ ఒకటి రాసిచ్చారు. డబ్బు పోసి తెచ్చారు. వారం తిరక్కుండా అటకెక్కింది. చేతులే స్వాధీనంలో లేని పిల్లకి చేతి పరికరమేమిటి? ఆ రోజు ఆ గదిలో వాళ్ళమ్మని ఎవరూ ఏమీ అడగలేదు. అడిగుంటే ఆమె నాతో అన్నమాటే వాళ్ళతోనూ అనేది. "దాని చేతులు ఎవరి మాటా వినవు వదినా. కుడి మోకాలు మాత్రం దాని మాట వింటుంది."

పంతొమ్మిదేళ్ళుగా నీళ్ళు పోసి, గుడ్డలు మార్చి, పక్కకి తిప్పి పడుకోబెట్టిన తల్లికి తప్ప ఇంకెవరికి తెలుస్తుందది? ఏ స్కానింగులోనూ కనబడదు. మామూలు ఎలక్ట్రీషియనే మంచం పక్కన చెక్క బిగించి, మోకాలికి అందేలా కాలింగ్ బెల్ స్విచ్చు పెట్టాడు. అప్పటి నుంచి ఆ తల్లి స్నానానికి వెళ్తే తలుపు గడియ వేసుకుంటోంది. ఇన్నేళ్ళూ ఓరగా తీసిపెట్టి, చెవి ఇటు పడేసి పోసుకునేది.

తర్వాత ఇంజినీరింగు చదివే బంధువుల అబ్బాయి ఒకడు పాత కీబోర్డు విప్పి, లోపల ఒక మీట తాలూకు వైర్లు బయటికి లాగి, పెద్ద బటనుకి అతికించి, దాన్ని ఫోనుకి కలిపాడు. ఆండ్రాయిడ్ ఫోన్లలో స్విచ్ యాక్సెస్ అని ఒక ఏర్పాటుంది. ఐఫోనులో దాన్ని స్విచ్ కంట్రోల్ అంటారు. తెర మీద ఉన్నవాటి చుట్టూ ఒక గడి వెలుగుతూ ఒక్కొక్కదాని మీదికీ జరుగుతుంటుంది. మనకి కావలసినదాని మీదికి రాగానే స్విచ్చు నొక్కితే చాలు. వేలితో తాకక్కర్లేదు. ఒక్క కదలిక స్వాధీనంలో ఉంటే ఫోను మొత్తం వాడుకోవచ్చు.

ఆ పిల్ల మొదట చేసిన పనేమిటో తెలుసా? పదేళ్ళుగా పొద్దుటిపూట వాళ్ళమ్మ పెడుతున్న అన్నమయ్య కీర్తనలు ఆపేసి సినిమా పాటలు పెట్టుకుంది! తల్లి నవ్వాలో ఏడవాలో తెలియక నాకు ఫోను చేసింది. "దానికి కీర్తనలంటే ప్రాణం అనుకుంటి గదా వదినా ఇన్నేళ్ళూ." ప్రాణంగా చూసుకునే తల్లికే బిడ్డ ఇష్టం పంతొమ్మిదేళ్ళు తెలియలేదంటే, తప్పు తల్లిది కాదు. చెప్పుకునే దారి ఆ పిల్లకి లేకపోయింది.

ఈ రంగంలో పెద్ద పెద్ద పనులు కూడా ఇలా ఇంటి మనుషుల ఆరాటంలోంచే పుట్టాయి. 1960 ప్రాంతాల్లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రికి వెళ్ళిన రెగ్ మేలింగ్ అనే ఆయన, మెడ కింద ఏదీ కదలని రోగులకి మనిషిని పిలవడానికి ఒక ఈల తప్ప ఏమీ లేకపోవడం చూశాడు. ఈల ఊదగలిగిన మనిషి ఊపిరితో స్విచ్చు కూడా నొక్కగలడు కదా అనుకున్నాడు. గొట్టంలోకి ఊదితే ఒకటి, పీలిస్తే ఇంకొకటి. దానితో లైటు వేసుకోవడం, బెల్లు కొట్టడం, టైపు చేయడం దాకా వెళ్ళారు. ఆ యంత్రానికి పోసమ్ అని పేరు. లాటిన్‌లో ఆ మాటకి "నేను చేయగలను" అని అర్థమట.

స్టీఫెన్ హాకింగ్ పేరు వినే ఉంటారు. 1985లో ఆయనకి గొంతు దగ్గర ఆపరేషన్ చేయాల్సి వచ్చి ఉన్న కాస్త మాటా పోయింది. అక్షరాల కార్డు మీద ఒకరు వేలు పెడుతుంటే, సరైన అక్షరం రాగానే కనుబొమ్మ ఎత్తేవాడు. అప్పుడు వాల్ట్ వోల్టోజ్ అనే ఆయన ఈక్వలైజర్ అనే ప్రోగ్రాము పంపించాడు. ఆయన అత్తగారికీ ఇదే జబ్బు, ఆవిడ కోసం మొదలుపెట్టిన పని అది. అల్లుడంటే అలా ఉండాలి! దాన్ని నడిపే చిన్న కంప్యూటరుని చక్రాల కుర్చీకి బిగించింది హాకింగ్‌ని చూసుకునే నర్సు భర్త. తర్వాత చేతివేళ్ళు కూడా పోయినప్పుడు, చెంప కదలికని పసిగట్టే చిన్న సెన్సారు కళ్ళజోడుకి పెట్టారు. ఆ ప్రోగ్రాముకి కొత్త రూపం ఇచ్చిన ఇంటెల్ కంపెనీ 2015లో దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకునేలా బయటపెట్టింది.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి వేరే ఉంది. ఇంతకన్నా మంచి గొంతులు వచ్చాయి, మారుస్తామంటే ఆయన వద్దన్నాడు. ఆ పాత యంత్రం గొంతే తన గొంతని చెప్పాడు. వాళ్ళు మార్చలేదు. పరికరం ఎవరిదో వాళ్ళ మాటే చెల్లింది.

అంత దూరం ఎందుకు, మన చిత్తూరుకి కూతవేటు దూరంలో ఉన్న వేలూరే చూడండి. క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టరుగా ఉన్న మేరీ వర్గీస్ 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని నడుము కిందంతా చచ్చుబడిపోయింది. ఆవిడ చక్రాల కుర్చీలోనే కూర్చుని, కుష్ఠు రోగుల చేతులకి ఆపరేషన్లు చేసింది. 1966లో అక్కడ పునరావాస కేంద్రం మొదలవడానికి ఆవిడే కారణం. కూర్చుని చేసేందుకు వీలుగా పని అమరితే సర్జనే అయింది. "పాపం, ఇంక ఏం చేస్తుందిలే" అని మూల కూర్చోబెట్టి ఉంటే?

జైపూర్ కాలు సంగతీ అంతే. విదేశీ నమూనా కృత్రిమ పాదానికి పైన బూటు తప్పనిసరి. మనవాళ్ళకి బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి, గొంతుక్కూర్చోవాలి, పొలంలో దిగాలి, గుళ్ళోకి చెప్పులు విడిచి వెళ్ళాలి. 1968లో రామచంద్ర శర్మ అనే చేతిపనివాడూ, డాక్టర్ పి.కె. సేథీ కలిసి మన నేలకి, మన కూర్చునే తీరుకి సరిపోయే పాదం తయారుచేశారు. చేతిపనివాడి చెయ్యి పడబట్టే అది కుదిరింది. అలిపిరి నుంచి కొండకి 3550 మెట్లు, చెప్పుల్లేకుండా ఎక్కుతాం. ఆ మెట్లెక్కాలని ఆశపడేవాడికి బూటు తప్పనిసరైన కాలిస్తే ఏం లాభం చెప్పండి?

ఇప్పటి మాట చెప్పాలంటే, మద్రాసు ఐఐటీలో ప్రొఫెసర్ సుజాతా శ్రీనివాసన్ నడిపే పరిశోధన కేంద్రం ఈ పనే చేస్తోంది. అక్కడి నుంచి పుట్టిన నియోమోషన్ సంస్థ నియోఫ్లై అనే చక్రాల కుర్చీని, కూర్చునే మనిషి ఒంటి కొలతలు తీసుకుని దాని ప్రకారం అమర్చి ఇస్తుంది. మన తిరుపతి నుంచి మూడు, నాలుగు గంటల ప్రయాణం.

మరి శిబిరాల్లో ఏం జరుగుతుంది? కేంద్ర ప్రభుత్వం పరికరాలివ్వడానికి 1981 నుంచి ఒక పథకం నడుపుతోంది. తయారుచేసే అలింకో సంస్థ కాన్పూరులో 1972లోనే మొదలైంది. ఇది చిన్న విషయం కాదు, లక్షలమందికి ఏదో ఒకటి దొరికింది, కాదనను. కానీ షామియానా కింద వరసగా పెట్టిన కుర్చీల్లోంచి ఒకటి తీసి, దండ వేసి, ఫొటో తీసి పంపిస్తే ఆ కుర్చీ ఎంతకాలం వాడతారు? పెద్దవాళ్ళ కుర్చీలో చిన్నపిల్లని వేస్తే ఒక పక్కకి ఒరిగిపోయి వెన్ను వంకర తిరుగుతుంది. సీటు సరిగా లేకపోతే ఒత్తుడు పుళ్ళు పడతాయి, స్పర్శ లేనివాళ్ళకి ఆ పుండు ప్రాణం మీదికి తెస్తుంది. మనిషి ఒంటికీ, ఉండే ఇంటికీ, తిరిగే నేలకీ సరిపోయినదే సరైన కుర్చీ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లోనే రాసిపెట్టింది.

అమెరికాలో 1993లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం తెచ్చుకున్న పరికరాల్లో దాదాపు 30 శాతం వాడకుండా పక్కన పడేశారు. కొనేటప్పుడు వాడే మనిషి అభిప్రాయం లెక్కలోకి తీసుకోకపోవడం ముఖ్యమైన కారణాల్లో ఒకటి. మన అటకలు వెతికితే ఎన్ని బయటపడతాయో! అవి చూసి "ఇచ్చినా వాడరు" అంటారు. నప్పని జాకెట్టు బీరువాలో పడేస్తే మన తప్పా?

ఇంక మాట్లాడే బోర్డుల దగ్గరికి వద్దాం. ఇక్కడ మన తెలుగుకి సొంత చిక్కు ఒకటుంది. ఇంగ్లీషు అక్షరాలు 26. మనవి 56 అని బళ్ళో చదువుకున్నాం, గుణింతాలూ వత్తులూ వేరే. "అన్నం" అని రాయాలంటే అ, న, వత్తు గుర్తు, మళ్ళీ న, సున్న, మొత్తం ఐదుసార్లు ఎంచుకోవాలి. వెలిగే గడి కావలసిన గుర్తు మీదికి రావడానికి పది సెకన్లు పడుతుందనుకుంటే, ఆ ఒక్క మాటకి యాభై సెకన్లు. "మంచినీళ్ళు" అనడానికి పది గుర్తులు, నిమిషం దాటి నలభై సెకన్లు. దాహంతో నాలుక పిడచకట్టుకుపోతుంటే! కాబట్టి తరచుగా వాడే మాటలు ముక్కలుగా కాకుండా మాటలుగానే బోర్డు మీద ఉండాలి. ఆ మాటలేమిటో ఎవరు చెప్పాలి? హైదరాబాదులోనో బెంగళూరులోనో కూర్చున్న ఇంజినీరు పిజ్జా బొమ్మ పెడతాడు. మా వైపు పిల్లకి సంగటి కావాలి, ఊరిబిండి కావాలి, వేయించిన చెనిక్కాయలు కావాలి. అవి లేకపోతే ఆ పిల్ల తన ఇంట్లోనే పరాయి భాష మాట్లాడినట్టుంటుంది.

గొంతు కూడా అంతే. ఫోన్లలో తెలుగు చదివి వినిపించే గొంతు ఉంది, మంచిదే. కానీ వార్తలు చదివినట్టుంటుంది. వీలైతే అదే ఈడు అక్కో చెల్లెలో తమ మాటతీరులో రికార్డు చేసి పెట్టొచ్చు. "అమ్మా, ఫ్యాను ఆపవా" అని ఇంటి గొంతుతో వినబడితే ఆ మాట ఎవరిదో ఇంట్లోవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో మాట, ఇది ఆడవాళ్ళం మనమే చెప్పాలి. ఇలాంటి బోర్డుల మీద నీళ్ళు, అన్నం, బాత్రూం, నిద్ర, నొప్పి ఉంటాయి. "ప్యాడ్ మార్చాలి" అని ఉంటుందా? "కడుపులో నొప్పి" వేరు, "నెలసరి నొప్పి" వేరు. తండ్రో అన్నో ఎదురుగా ఉన్నప్పుడు "అమ్మని పిలువు" అని ఒక్క నొక్కుతో చెప్పే వీలుండాలి. వీటన్నిటికన్నా ముందు "వద్దు" ఉండాలి. "నన్ను తాకొద్దు" ఉండాలి. "నాకు భయంగా ఉంది, వీళ్ళ దగ్గర వదిలి వెళ్ళొద్దు" ఉండాలి. ఒళ్ళు కదలని, మాట రాని ఆడపిల్ల మీద చెయ్యి వేసేవాడికి ఉన్న ధైర్యమల్లా ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదనే. ఈ మాటలు పెట్టడానికి మొహమాటపడి, బోర్డు నిండా పళ్ళూ పూలూ పెట్టుకుంటే ఆ పిల్లని కాపాడినట్టు కాదు. ఏ బోర్డు తెచ్చినా నేను ముందు వెతికేది "వద్దు" ఎక్కడుందని.

ఇలా అంటే నాకు ఎదురయ్యే మాటలు మూడు. మొదటిది, "స్విచ్చులకి అలవాటు పడితే వచ్చే మాట కూడా రాదు" అని. పెద్దవాళ్ళ భయం అర్థమవుతుంది. కానీ ఈ విషయం మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి 2006లో ఒక సమీక్ష చేశారు. బోర్డులూ యంత్రాలూ వాడినందువల్ల ఏ ఒక్కరికీ మాట తగ్గలేదు, చాలామందికి కాస్త పెరిగింది కూడా. వచ్చే మాట ఎలాగూ వస్తుంది. వచ్చేదాకా నోరు కట్టేసుకు కూర్చోమనడం న్యాయమా?

రెండోది ఖర్చు. ఒక్కొక్కరి కొలతకీ చేయాలంటే ఎక్కడ తూగుతామని. ఖరీదైనవి ఉన్నాయి, నిజమే. కంటిచూపుతో నడిచే కంప్యూటర్లు మనలాంటివాళ్ళకి అందవు. కానీ నేను చెప్పిన కాలింగ్ బెల్ స్విచ్చు ఖరీదెంత? పాత కీబోర్డు ఖరీదెంత? స్పూను పిడికి స్పాంజి చుట్టి లావు చేయడానికి, కుర్చీకి పక్క దిళ్ళు కుట్టడానికి ఎంతవుతుంది? కొలతకి చేయడంలో ఖరీదైనది వస్తువు కాదు, కూర్చుని చూసే ఓపిక. వాడని జాయ్‌స్టిక్‌కి పోసిన డబ్బుతో ఇలాంటివి ఎన్ని చేయొచ్చో లెక్క వేసుకోండి.

మూడోది వింటే నాకు ఒళ్ళు మండుతుంది. "ఇవన్నీ ఎందుకండీ, అమ్మ ఉందిగా!" అంటారు. ఉంది. అమ్మే ఆ బిడ్డకి స్విచ్చు, అమ్మే గొంతు, అమ్మే చక్రాల కుర్చీ. "మహాతల్లి, ఎంత ఓపికో" అని పొగిడి వెళ్ళిపోతారు. పొగడ్తతో ఆమె నడుం నొప్పి తగ్గదు. పిల్లకి ముప్ఫై ఏళ్ళొచ్చేసరికి తల్లికి యాభై అయిదు దాటతాయి. ఆ ఇళ్ళల్లో ఏ తల్లిని కదిలించినా రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఒకటే, నా తర్వాత దీన్ని ఎవరు చూస్తారని. మోకాలి కింద ఒక స్విచ్చు ఆ ప్రశ్నకి పూర్తి జవాబు కాదు. మనిషి తోడు కావలసిందే, యంత్రం ఒళ్ళు తుడవదు. కానీ తన దాహం తనే చెప్పుకోగలిగిన, తన ఫోను తనే చేసుకోగలిగిన పిల్లని చూసుకోవడానికి ఇంకో మనిషి ముందుకొస్తారు. తల్లి ఒక్కతే అర్థం చేసుకోగల పిల్లకి తల్లి తర్వాత అంతా చీకటే.

ఇంక మన ఊరి మాట. తిరుపతికి లేనిదేమిటి? అలిపిరి రోడ్డున పెద్దాసుపత్రులున్నాయి. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983 నుంచి ఉంది, అందులో ఆడపిల్లలు ఇంజినీరింగు చదువుతున్నారు. ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉంది, 2015 నుంచి. వేంకటేశ్వర విశ్వవిద్యాలయం సరేసరి. ఏటా ఎన్ని వందలమంది పిల్లలు చివరి సంవత్సరం ప్రాజెక్టు అని దేనికోదానికి లైట్లు వెలిగించి, మార్కులు పడ్డాక పెట్టెలో పడేస్తారో! ఆ పిల్లల్ని ఆసుపత్రి దాకా తీసుకొచ్చేవాళ్ళు కావాలి. నా కోరిక పెద్దదేమీ కాదు. ఆసుపత్రికి దగ్గర్లో ఒక గది. వారానికి ఒక పూట. ఒక ఫిజియోథెరపిస్టు, ఇద్దరు ముగ్గురు ఇంజినీరింగు అమ్మాయిలు, ఒక వెల్డరు, ఒక టైలరు. అక్కడికి తల్లి తన బిడ్డని తీసుకొచ్చి, "వీడికి ఎడమ బొటనవేలు కదులుతుంది, ఏం చేయగలరో చూడండి" అని చెప్పుకునే వీలు. పదిహేను రోజుల తర్వాత మళ్ళీ వచ్చి, "ఇది బిగుతుగా ఉంది, మార్చండి" అనగలిగే వీలు. పిల్లలు ఎదుగుతారు కదా, ఏడాదికి కొలత మారిపోతుంది. ఒకసారి ఇచ్చి చేతులు దులుపుకునేది కాదిది.

2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం, అవసరానికి తగ్గట్టు ఏర్పాట్లు మార్చి ఇవ్వడం దయ కాదు, బాధ్యత అనే చెప్తోంది. కాబట్టి అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఆ గది వచ్చేదాకా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. ఇంట్లో గానీ, చుట్టాల్లో గానీ, వీధిలో గానీ ఇలాంటి మనిషి ఉంటే ఒక నోటుపుస్తకం మొదలుపెట్టండి, పాలలెక్క రాసుకున్నట్టే. ఏ కదలిక తన ఇష్టప్రకారం వస్తోంది? తలా, చెంపా, మోకాలా, ఒక వేలా? పొద్దున బాగా వస్తుందా, సాయంత్రానికి అలసిపోతుందా? కూర్చున్నప్పుడా, పక్కకి తిరిగి పడుకున్నప్పుడా? ఏం కావలసినప్పుడు ఏ రకంగా చూస్తుంది, ఏ చప్పుడు చేస్తుంది? రోజులో ఎక్కువసార్లు చెప్పాలని తంటాలు పడే పది మాటలేమిటి? ముందు ఆ మనిషినే అడిగి రాయండి. అవును, కాదు అనడానికి ఏదో ఒక గుర్తు దాదాపు అందరికీ ఉంటుంది. నెల రోజులు రాస్తే అదే ఆది జాకెట్టు.

డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ పుస్తకం తీసుకెళ్ళండి. శిబిరంలో కుర్చీ ఇస్తామంటే కూర్చోబెట్టి చూసి, నప్పకపోతే నప్పలేదని అక్కడే చెప్పండి. ఉచితంగా ఇచ్చేదానికి వంకలా అంటారు. అననివ్వండి. ఈసారి ఫైలు ఆయన చేతికి కాకుండా మీ చేతిలోనే ఉంచుకోండి, పిల్లని ఆయన ఎత్తుకుంటారు. చెప్పాల్సిన సంగతులన్నీ తెలిసింది మీకు కదా.